ఎనిమిదో ఆదివారం

పలమనేరు బస్టాండు, పొద్దున ఆరు.
గంగులప్ప సంచిలో తాపీ, నా సంచిలో చింతపండు పులుసన్నం,
హేమాద్రి భుజాన నిచ్చెన.
కండక్టరు నిచ్చెనకూ టికెట్టు కొట్టినాడు.
"ఏమన్నా, ఇంకా ఆ మొండిగోడలేనా?"
అవే.

ఎర్రగుట్టపల్లె దాటి, టమాటా తోటల కంచెలు దాటి
కౌండిన్య అడవి అంచున ఒక మట్టిమిద్దె.
ఈ పక్కన లేచిన తొలి ఇల్లు.
కరువేడు దిగువ నుంచి చెన్నరాయప్ప
రెండెద్దులు, ఒక రాగుల మూట, ఒక గడ్డపారతో వచ్చి
కంప నరికి, పులి పండుకునే చోట
పొయ్యి రాజేసినాడంట.
ఊరు ఆ తర్వాత వచ్చింది.
వచ్చి, మరిచిపోయింది.

మొదటి ఆదివారం పిచ్చిచెట్ల కన్నా ముందు
వాదన పెరికినాం.
"రెండు మూటల సిమెంటు చాలన్నా, మాపటికి అయిపోతాది"
అన్నాడు హేమాద్రి, పాలిటెక్నిక్ మూడో ఏడు.
గంగులప్ప గోడకు చెవి ఆనించి
వేలి కణుపుతో తట్టినాడు,
ముప్పై ఏండ్లు కరెంటు స్తంభాలెక్కిన వేలు.
"ఇది ఊపిరి తీసుకునే గోడ అబ్బోడా.
ముక్కు మూస్తావా?"

అంతే, సున్నమే.
కరక్కాయలు నానేసినాం, చిత్తూరు బెల్లం కరగబెట్టినాం.
గానుగ రాయి దొరికింది గానీ
తిప్పేదానికి ఎద్దేదీ?
షఫీవుల్లా తన మోపెడ్‌కు మోకు కట్టినాడు.
చుట్టూ చుట్టూ, ఎక్కడికీ పోకుండా
ఆ బండి ఆ పొద్దు నలభై కిలోమీటర్లు తిరిగింది.

ఐదు ఆదివారాలకు ఒక గోడ.
నున్నగా, కోడిగుడ్డు మాదిరి.
ఫొటోలు తీసుకున్నాం. అదే తప్పు.

మంగళవారం నడిరేయి అడవి వాచరు ఫోను:
"మీ బెల్లం వాసనకు ఒంటేనుగు దిగింది."

పోయి చూస్తే
తొట్టి పగిలి ఉంది, గోడ సగం నేలన ఉంది,
పచ్చి సున్నపు నేల మీద
చేటంత పాదం ఒకటి, అచ్చు గుద్దినట్టు.
హేమాద్రి కూలబడినాడు.
గంగులప్ప మాత్రం తొట్టిలోకి తొంగి చూసి
"అడుగంటా నాకింది. కలపడం బాగానే కలిపినాం" అన్నాడు.

రాలిన మా పూత వెనక
వాళ్ళ పూత బయటపడింది.
మట్టిలో నాలుగు వేళ్ళ చారలు,
ఎడమ నుంచి కుడికి, వానవిల్లు వంపుతో,
గోడ పొడుగూతా.
చెన్నరాయప్పవి కావు ఆ వేళ్ళు. సన్నవి.

మాకు నీళ్ళు మోసే రెడ్డెమ్మ బిందె దించింది.
కొంగుకు చెయ్యి తుడుచుకుని
ఆ చారల్లో వేళ్ళు పెట్టింది.
చిటికెన వేలొక్కటే కొంచెం ఎడమైంది.
"మా జేజి వాళ్ళమ్మ ఈడ మన్ను మెత్తిందని చెప్తా ఉండె.
కూలి గంజేనంట."
ఇంకేం అనలేదు.
బిందె ఎత్తుకుని బాయికి పోయింది.

రోడ్డు పక్కన మేం పాతిన బోర్డు మీద
పేరు ఒక్కటే ఉంది, పెద్ద అక్షరాల్లో.
అది రాసింది నేనే.
తెల్లరంగు డబ్బాలో ఇంకా సగం మిగిలుంది.

ఈ పొద్దు ఎనిమిదోది.
గోడ మళ్ళీ లేచింది, మనిషెత్తున,
ఒక్క జానెడు వెడల్పు మాత్రం పూత పెట్టకుండా వదిలినాం.
ఏనుగు పాదాన్ని పూడ్చాలా వద్దా
ఇంకా తేలలేదు.
అందులో వాననీళ్ళు నిలిచినాయి,
ఒక తూనీగ వాలి లేచింది.

పులుసన్నం తింటుంటే
సున్నం కొరికిన వేళ్ళకు పులుపు తగిలి చురచుర.
ఎవరూ చెంచా అడగలేదు.

సాయంత్రం బస్సులో కండక్టరు వెతికినాడు,
"నిచ్చెనేదన్నా?"
గోడకే ఆనించి వచ్చినాం.